త్రోయ గుర్రం

2024 ఆగస్టు 13, మంగళవారం. దోహాలో నలభై నాలుగు డిగ్రీల ఎండ, దానికి తోడు సముద్రపు చెమ్మ. ఎండకన్నా చెమ్మ చెడ్డదని రాయచోటిలో చెబితే నమ్మరు.

అల్ ఘర్రాఫా విల్లాలో డ్రైవర్ చిన్నప్ప ఎప్పటిలాగే కారు కడిగి, టీ కోసం వంటింట్లోకి వెళ్ళాడు. అక్కడ మూలన పెట్టిన మేకపిల్లంత చెక్క గుర్రం కడుపులో ఎవరో గుసగుసలాడుతున్నారు. వంటమనిషి రెహానా గరిటెతో దాని డొక్క మీద తట్టింది. "రవ్వంతసేపు గమ్మునుండండబ్బా, నమాజు చేసుకోవాల." గుసగుసలు ఆగాయి.

యజమానురాలు పిలార్ భర్త పోయాక ఇల్లు ఖాళీ చేసి స్పెయిన్ వెళ్ళిపోతోంది. పనివాళ్ళిద్దరూ శుక్రవారం సొంతూరు రాయచోటికి. పదకొండేళ్ళు బండి నడిపిన చిన్నప్పకు ఆమె ఆ గుర్రాన్నిచ్చింది.

"ట్రాయ్ నగరాన్ని మేం త్రోయ అంటాం. ఎక్కడ కొంప కూలినా 'ఇక్కడే త్రోయ ఉండేది' అంటారు మావాళ్ళు. నీ ఇంటికి చేరేదాకా దీన్ని తెరవకు."

లోపల ఎవరని అడిగితే నవ్వింది. ఆ నవ్వే చిన్నప్పకు నచ్చలేదు. గల్ఫులో ఇంకొకరి పొట్లం విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకునేవాడు లేడు. మెసైమీర్‌లో ఉండే నాగూర్ ఎవరో ఇచ్చిన ఊరగాయ డబ్బాను, అడుగున గంజాయి ఉందని తెలియక మోసి, మూడేళ్ళు జైల్లో కూర్చున్నాడు. అది మాగాయని కొందరు, గోంగూరని కొందరు. జైలు మాత్రం నిజం.

చిన్నప్ప రంపం తెచ్చాడు.

"ఏం చేస్తాండావబ్బీ?"

"కోసి చూస్తానక్కా. బళ్ళో చదువుకున్నా, గుర్రంలో దాక్కున్నోళ్ళే ఆ ఊరు తగలబెట్టినారు. నా ఇల్లు లింటెల్ కాడ ఆగి ఆరేండ్లాయె. ఉన్న గోడలు గూడా పోవాల్నా?"

"వాళ్ళేమంటాండారో ఒక్కసారన్నా విన్నావా?"

"దొంగల మాటలు వినేదేంది?"

"అట్లయితే నాకియ్యి. నాది పునాదుల కాడనే ఆగిపాయె. పోయేదేముండాది?"

ఇచ్చాడు. ఇచ్చాక, ఈమె ఎందుకడిగిందా అని మరో అనుమానం. విమానాశ్రయంలో ఆమెకు దూరంగా వేరే వరుసలో నిలబడ్డాడు.

రాయచోటిలో రెహానా గుర్రాన్ని పునాదుల మధ్య దించింది. కడుపు దానంతటదే తెరుచుకుంది. తాళ్ళ నిచ్చెన మీద బొటనవేలంత మనుషులు దిగారు, ఆడా మగా, సంకన పిల్లలతో. సైనికులు కారు. ఆ కాలిపోయిన ఊరివాళ్ళు.

"ఇక్కడ కట్టుకోవచ్చామ్మా?"

"టీ తాగి మొదలుపెట్టండి," అంది రెహానా.

నలభై రోజుల్లో స్లాబు పడింది.

పిలార్ కారు మేనల్లుడికి వెళ్ళింది. గుర్రమూ, దానిలోని ఊరూ రెహానాకు దక్కాయి. చిన్నప్ప గోడలు లింటెల్ దగ్గరే ఉన్నాయి. అతనికి దక్కింది ఏమీ లేదు. రంపం ఒకటి మిగిలేది. దాన్ని విమానాశ్రయంలో తీసేసుకున్నారు.