బానెట్టు ఎత్తు

సొట్టను చూస్తే అది దేనివల్ల పడిందో దేవసహాయం చెప్పగలడు. బర్రె తగిలితే రేకు వెడల్పుగా లోపలికి పోతుంది. చెట్టును గుద్దితే నిలువునా మడత పడుతుంది. మనిషి తగిలితే పళ్లెం అడుగులాగా గుండ్రంగా ఉంటుంది. నంద్యాలలో బస్టాండు వెనక సందులో ఇరవై ఏళ్లుగా టింకరింగ్ షెడ్డు నడుపుతున్నాడాయన. ఇంజను పనులకు సంజీవయ్య అనే మెకానిక్‌కు అదే షెడ్డులో ఒక మూల ఇచ్చాడు.

1977 వేసవిలో ఆ షెడ్డుకు పడవలాంటి విదేశీ కారు వచ్చింది. ఆళ్లగడ్డలో నూనె మిల్లు ఉన్న రామనాథం శెట్టి దాన్ని మద్రాసులో వేలం పాడి తెచ్చుకున్నాడు. పెట్రోలు ధర పెరిగిపోయిన రోజులు. అంత పెద్ద ఇంజనుకు పెట్రోలు పోయడం శెట్టికే భారమైంది. దాని బదులు బిగించడానికి ఒక పాత వ్యాను డీజిల్ ఇంజను కూడా వెంట తెచ్చి షెడ్డు ముందు దింపించాడు.

"ఇంజను సంగతి మీరు చూసుకోండప్పా. నాకు కావాల్సింది ఒకటే. ఈ కారు చాగలమర్రి నుంచి నంద్యాల దాకా యాడ కనపడినా రామనాథం కారని తెలియాల. ఎదురొచ్చేటోడు పక్కకు జరగాల" అన్నాడు శెట్టి.

డీజిల్ ఇంజను ఎత్తుగా ఉంది. సంజీవయ్య ఎంత తిప్పలు పడినా బానెట్టు మూతపడలేదు. "ఆరంగుళాలు పైకుండాది దేవసహాయం. ఇంజనును దించాలంటే కిందుండే ఇనుమంతా కొయ్యాల. బానెట్టే లేపు" అన్నాడు.

దేవసహాయం బానెట్టు లేపాడు. నిజానికి ఆయనకు అది సంతోషంగానే ఉంది. కోడెమూపురంలాగా ఉబ్బెత్తుగా రేకు మలిచాడు. ముందు లావుపాటి ఇనుప గార్డు బిగించి, రెండు చివర్లా ఈటె మొనలు పెట్టి ఇత్తడి పూత పూయించాడు. సైలెన్సరు గొట్టాన్ని వెనక దాకా తీసుకుపోవడానికి చోటు చాలక ఎడమ తలుపు కిందనే బయటికి వదిలారు. కారు షెడ్డులోంచి బయటికొచ్చిన రోజు సందంతా జనం. శెట్టి కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, దేవసహాయం రెండు చేతులూ పట్టుకున్నాడు.

నాలుగు నెలలకు అదే కారు తిరిగొచ్చింది. డ్రైవరు గురుస్వామి ఒక్కడే ఉన్నాడు.

"మొన ఒంగిందన్నా. బర్రె తగిలింది. బేగా సరిచేసి ఇయ్యి" అన్నాడు.

దేవసహాయం ముందుకొచ్చి చూశాడు. ఎడమ పక్క ఈటె మొన కొంచెం వంగింది. బానెట్టు మీద గీత కూడా లేదు. మొనకూ గార్డుకూ మధ్య సందులో ఎర్రటి నూలు పోగు ఇరుక్కుని ఉంది. దాన్ని గోటితో లాగి గురుస్వామికి చూపించాడు.

"బర్రె ఎర్రచీర కట్టిందా గురుస్వామీ?"

గురుస్వామి పక్కన పడి ఉన్న పాత టైరు మీద కూర్చున్నాడు. ఆళ్లగడ్డ బస్టాండు ముందు పూలమ్మే తులసమ్మ అని చెప్పాడు. కారు ఆగి ఉంది. ఆమె గంపలోంచి జారిన పూలు కారు ముందు పడితే ఏరుకోవడానికి వంగింది. అప్పుడే శెట్టి వచ్చి ఎక్కి పోనీమన్నాడు.

"కదిలిచ్చినానన్నా. ముందర మనిషుండేది నాకు కనపళ్లేదు. నా బిడ్డల మీద ఒట్టు. మొన తొడలో దిగింది. శెట్టే ఎత్తుకోని ఆస్పత్రికి తీసకపోయినాడు. పద్నాలుగు కుట్లు పడినాయి."

గురుస్వామి పోయాక దేవసహాయం డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కారు కట్టడానికి రెండు నెలలు పట్టింది కానీ ఆ రెండు నెలల్లో ఆయన ఒక్కసారి కూడా ఆ సీట్లో కూర్చుని ముందుకు చూడలేదు. తాను మలిచిన మూపురమే కంటికి అడ్డంగా ఉంది. దిగి ఒక నూనె డ్రమ్ము తెచ్చి బంపరు ముందు పెట్టాడు. మళ్లీ ఎక్కి చూశాడు. డ్రమ్ము లేదు. డ్రమ్మును అడుగు దూరం జరిపాడు, ఎక్కాడు, దిగాడు, మళ్లీ జరిపాడు. పదడుగుల దూరం పోయాక గానీ డ్రమ్ము అంచు కనపడలేదు.

ఆ రోజునుంచి ఆయనకు ఒకచోట కాలు నిలవలేదు. చేతిలో సుత్తి పెట్టుకుని రోడ్డు మీదికొచ్చి నిలబడేవాడు. ఎదురొచ్చే లారీ బంపరు పక్కన నడిచే మనిషికి ఎంత ఎత్తున వస్తోందో కంటితో కొలిచేవాడు. ఆదివారం చర్చిలో పాట మధ్యలో లేచి బయటికొచ్చేశాడు.

"ఏందీ, అన్నం ముందర కూచ్చోని గోడ చూస్తాండావ్?" అంది భార్య దానమ్మ.

"బానెట్టు లేపింది నేనే దానమ్మా."

"కారు తోలింది నువ్వా?"

"తోలేటోనికి కనపడకుండా చేసింది నేనే గదా."

దానమ్మ పళ్లెం ఆయన దగ్గరికి జరిపింది. "అట్లయితే గోడను చూస్తే ఏమొస్తాది? పొయ్యి ఆమెను చూసిరా" అంది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాడు. ఆళ్లగడ్డలో బస్టాండు దగ్గరే తులసమ్మ ఇల్లు. యాభై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి. వసారాలో మంచం మీద కాలు చాపుకుని మల్లెపూలు కడుతోంది. ఆ పూలు తీసుకుపోయి అమ్మేది ఆమె చెల్లెలు. దేవసహాయం తానెవరో చెప్పాడు.

"నువ్వేనా ఆ మొనలు పెట్టిండేది?"

"నేనేనమ్మా."

"ఎందుకు పెట్టినావ్? ఎవర్ని పొడిచేదానికి?"

దేవసహాయం మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. తులసమ్మ ఆయన మొహం చూసి దారం పక్కన పెట్టింది.

"కాలు సంగతి ఇడ్సిపెట్టప్పా, మానుతాది. దినామూ ఆ కారు మా గంపల ముందర ఆపుతారు. శెట్టి వచ్చేదాకా ఇంజను ఆపరు. పొగ సక్కగా మా పూల మీదికే. తెల్లపూలు సాయంత్రానికి బూడిద రంగైతాయి. నాకు దగ్గు. నా చెల్లెలికి దగ్గు. దానికేం చేస్తావ్?"

సైలెన్సరును ఎడమ తలుపు కింద వదిలిన సంగతి దేవసహాయానికి గుర్తొచ్చింది. ఎడమ పక్కనే జనం కూర్చుంటారన్న ఆలోచన ఆనాడు తనకూ, సంజీవయ్యకూ రానేలేదు.

అటునుంచి అటే నూనె మిల్లుకు వెళ్లాడు. గార్డు తీసేస్తాననీ, బానెట్టు దించుతాననీ, సైలెన్సరు వెనక్కి మారుస్తాననీ, పొగ తగ్గేలా ఇంజనుకు డీజిల్ అందించే పంపును తగ్గిస్తాననీ చెప్పాడు.

"మొనలు తియ్యి. అవి ఇంగ నాకే వద్దు. పంపు తగ్గిస్తే బండి లాగుతాదా?" అన్నాడు శెట్టి.

"ఇప్పుడు లాగినట్ల లాగదు."

"బానెట్టు దించితే ఆ గంభీరం ఉంటాదా?"

"ఉండదు."

"రూపూ పాయె, పరుగూ పాయె. ఇంగ దాన్నేమంటారప్పా? జనం నవ్వరా?"

"గురుస్వామికి ముందర ఎవరుండేదీ కనపడతాది శెట్టిగారూ."

శెట్టి లేచి కిటికీ దగ్గరికి పోయాడు. బయట మిల్లు చప్పుడు. "ఆ పొద్దు బేగా పోనీమన్నది నేనే. ఆయమ్మ అరుపు ఇంగా చెవిలోనే ఉండాది. చెయ్యి. గానీ కారు కారు మాదిరి ఉండాల. అంతే నేనడిగేది" అన్నాడు.

పని మొదలైంది. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడేది. ఇంజను కిందికి దించితే దాని అడుగు రోడ్డు మీద రాళ్లకు తగిలేలా ఉంది. వెనక్కి జరిపితే డ్రైవరు కాళ్ల దగ్గర వేడి. బానెట్టు పూర్తిగా దించితే రేకు ఇంజను నెత్తిని తాకింది. ఇక్కడే దేవసహాయం ఆగిపోయాడు.

"తాకితే తాకనియ్యి, శబ్దం రాకుండా రబ్బరు పెడదాం" అన్నాడు సంజీవయ్య.

"వద్దు. ప్యాపిలి ఆయన కారు గుర్తుందా? మనిషి బానెట్టు మీద పడినాడు. రేకు ఇంత లోతుకు పోయింది. ఆ మనిషి లేచి నడుచుకుంటా పోయినాడు. ఇంకో వ్యాను వచ్చింది సూడు, రేకు కింద ఇంజనే ఉండె. రేకు లోపలికి పోనేలేదు. నాకు పని లేదు, పూత ఏస్తే చాలన్న్యారు. ఆ మనిషి బతకలేదు."

సంజీవయ్య రెంచీ కింద పెట్టాడు. "అంటే సొట్ట పడాలంటావు."

"సొట్ట పడేదానికి చోటుండాల. మూడు వేళ్లన్నా సందుండాల."

చోటు కావాలంటే బానెట్టు ఎత్తాలి. చూపు కావాలంటే దించాలి. ఆ రెండింటి మధ్యా దేవసహాయం ఐదు వారాలు కొట్టుకున్నాడు. మూడు బానెట్లు చేసి మూడూ పక్కన పారేశాడు. చివరికి ఇంజను కింది ఇనుము కోసి మూడంగుళాలు దించారు. అడుగున రాళ్లు తగలకుండా రేకు కాపు వేశారు. నాలుగంగుళాలు వెనక్కి జరిపి, ఇంజనుకూ డ్రైవరుకూ మధ్యనున్న రేకు గోడకు వేడి ఆపడానికి ఆస్‌బెస్టాస్ అట్ట కొట్టారు. బానెట్టును వెనక ఎత్తుగా, ముందుకు వాలుగా మలిచారు. మూపురం పోయింది. సైలెన్సరు వెనక బంపరు కిందికి వెళ్లింది. పంపు తగ్గిస్తే నల్లపొగ పల్చబడింది. పూర్తిగా పోలేదు. గార్డు తీసేశారు. మిగిలిన కారు నున్నగా, పొడుగ్గా, ముందుకంటే తక్కువ దర్పంతో ఉంది.

సంక్రాంతి దాటాక శెట్టి, గురుస్వామి, దేవసహాయం దాన్ని ఆళ్లగడ్డకు తీసుకొచ్చారు. అప్పటికి తులసమ్మ కర్ర పట్టుకుని మళ్లీ బస్టాండు ముందు గంప పెట్టుకుంటోంది. దేవసహాయం ఆమె దగ్గరికి పోయి, "ఒకసారి కారు ముందర నిలబడమ్మా. డ్రైవరుకు కనపడతావో లేదో సూడాల" అన్నాడు.

"సాలు. నేనొకసారి నిలబడినా. నువ్వు నిలబడు, నేను కూచ్చోని సూస్తా."

గురుస్వామి గబగబా దిగి తలుపు పట్టుకున్నాడు. తులసమ్మ కర్ర లోపలికి పెట్టి, సీట్లోకి ఎక్కి, స్టీరింగు రెండు చేతులా పట్టుకుంది. జనం మూగారు. దేవసహాయం బంపరు ముందు గొంతుక్కూర్చున్నాడు, ఆమె ఆనాడు వంగినట్టే.

"యాడుండావ్?"

"ఈడనే ఉండానమ్మా."

"కనపడల్యా."

ఆయన వంగిన మనిషిగానే అడుగడుగూ వెనక్కి జరిగాడు. ఆరో అడుగు దగ్గర ఆమె కేకేసింది. "ఆ, ఇప్పుడు నెత్తి కనపడతాండాది!"

పదడుగులు ఆరయ్యాయి. దేవసహాయం ఆ ఆరడుగుల నేలవైపు చూస్తూ అక్కడే కూర్చుండిపోయాడు. ఐదు వారాలు పడిన కష్టానికి దక్కింది నాలుగడుగులు.

లేచి అన్నాడు: "ముందర చక్రం పైన రెక్క మీద ఒక గుండ్రటి అద్దం పెట్టాల. కిందికి సూసే మాదిరి. లారీలకు పెడతారు సూడండి, అట్లాంటిది."

"లారీ అద్దమా?" శెట్టి మొహం మాడిపోయింది. "మొనలు తీసినావు, ఒప్పుకున్న్యా. మూపురం తీసినావు, ఒప్పుకున్న్యా. ఇంగ నా కారును లారీ చేస్తావా?"

తులసమ్మ సీట్లోంచి తల బయటపెట్టింది. "శెట్టిగారూ, మీరొచ్చి ఈడ కూచ్చోండి. ఆయప్ప మళ్లా కూచ్చుంటాడు. యాడుండాడో మీరు చెప్పండి."

జనం ముందు కాదనలేక శెట్టి ఎక్కాడు. ఆ కారు కొన్నప్పటినుంచి ఆయన వెనక సీట్లో తప్ప కూర్చోలేదు. దేవసహాయం బంపరు ముందు నేల మీద కూర్చున్నాడు. శెట్టి మెడ సాచాడు, కుడికి వంగాడు, ఎడమకు వంగాడు, సీట్లోంచి సగం లేచాడు. కారు ఆగి ఉంది, తాళం గురుస్వామి చేతిలో ఉంది. అయినా శెట్టి ఉన్నట్టుండి చేతులు స్టీరింగు మీదినుంచి తీసేసుకున్నాడు. దిగినప్పుడు ఆయన చొక్కా వీపంతా చెమట.

"పెట్టుకోప్పా అద్దం. రెండు పక్కలా పెట్టు" అన్నాడు.

తులసమ్మ గంప దగ్గరికి తిరిగిపోతూ దేవసహాయాన్ని అడిగింది. "పొగ?"

"తగ్గిందమ్మా. పోలేదు. పూర్తిగా పోయేది నాకు తెలీదు."

"నిజం చెప్పినావు" అంది. ఇక మీదట బస్టాండు ముందు ఆపితే ఇంజను బంద్ చెయ్యమని శెట్టి అక్కడికక్కడే గురుస్వామికి చెప్పాడు. గురుస్వామి ఆ మాట తప్పలేదు.

ఆ కారు ఇంకో ఆరేళ్లు తిరిగింది. ఎవరికీ తగల్లేదు. తులసమ్మకు కొంచెం కుంటు మిగిలిపోయింది. దేవసహాయం మాత్రం ఆ తర్వాత మొనలున్న గార్డులు చెయ్యనన్నాడు. 1983లో దొర్నిపాడునుంచి ఒకాయన కొత్త జీపుకు మొనలున్న ఇనుప గార్డు కావాలని వచ్చి, చెయ్యనంటే పక్క సందులో షెడ్డుకు తీసుకుపోయాడు. వారం తర్వాత మధ్యాహ్నం ఆ జీపు ముందు మొనలతో మెయిన్ రోడ్డు మీద పోవడం దేవసహాయం చూశాడు. చేతిలో ఉన్న టీ గ్లాసు గట్టు మీద పెట్టి రోడ్డు మీదికొచ్చాడు. బడి వదిలిన పిల్లలు గుంపులుగా అడ్డం దాటుతున్నారు. జీపు హారన్ కొట్టుకుంటూ వాళ్ల మధ్యనుంచి పోయింది. అది మలుపు తిరిగి కనపడకుండా పోయినా ఆయన లోపలికి రాలేదు. ఆ మొనల సంగతి జీపాయనకు చెప్పాలని అటువైపే నడవడం మొదలుపెట్టాడు.