బోర్డులో తప్పు

మున్సిపాలిటీ వాళ్లు పార్కు గేటుకు కొత్త నిబంధనల బోర్డు పెట్టారు. 'తోడు లేకుండా ప్రవేశం లేదు' అన్న నాలుగో వాక్యం దగ్గర, ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన ఆవిడ ఆగిపోయింది. భర్త పోయాక సాయంత్రాలు ఆవిడకు ఆ పార్కు బెంచీయే దిక్కు.

"మీక్కాదు పిన్నిగారూ, పిల్లలకి! పెయింటరు పిల్లల్ని మింగేశాడు," అని నవ్వాడు వాచ్‌మన్.

"మింగితే అరుగుతుందా నాయనా? దిద్దించేదాకా నేను లోపలికి రాను."

నాలుగు రోజులు అతను తన స్టూలు ఆవిడకు వేశాడు. ఆవిడ మోకాళ్ల నొప్పులూ, అతని కూతురి పరీక్షలూ, లోకాభిరామాయణమంతా దొర్లింది.

ఐదో రోజు బోర్డులో 'పిల్లలకు' వచ్చి చేరింది. "ఇక దర్జాగా వెళ్లండి," అంటూ అతను స్టూలు తీసేశాడు. ఆవిడ వెళ్లి బెంచీ మీద కూర్చుంది. గేటు మూసేవేళ దాకా ఒక్కరూ పలకరించలేదు.

మర్నాడు ఆవిడ గేటు దగ్గరే ఆగి, కళ్లజోడు సవరించుకుని బోర్డంతా చదివింది. ఒక్క తప్పూ దొరకలేదు.

"మళ్లీ ఏమైంది పిన్నిగారూ?"

"ఏడో వాక్యం ఏదో తేడాగా ఉందయ్యా. ఆ స్టూలు ఇలా వెయ్యి, నిదానంగా చూస్తాను."