పెరిగే మంచం

ఆమె పొద్దున లేచి చేసే మొదటి పని దుప్పటి సర్దడం. మామూలు ఇళ్ళల్లో అది చిటికెలో అయిపోతుంది. ఈ ఇంట్లో మాత్రం అయిదారు దుప్పట్లు కలిపి కుట్టినదాన్ని ఒక కొసన పట్టుకుని గోడవారగా నడవాలి. వాళ్ళ మంచం పెరుగుతోంది మరి. గది నిండిపోతే మధ్యగోడ తీయించారు, ఇప్పుడు హాల్లోకి వచ్చింది. ఎవరూ వింతపడలేదు. కొందరి ఇళ్ళల్లో గోడలకు చెమ్మ ఎక్కుతుంది, కొందరి ఇళ్ళల్లో మంచం పెరుగుతుంది. అత్తగారైతే ఉతికిన బట్టలు మంచం నడిమధ్యన పరిచి, "ఇక్కడ ఎండ బాగా పడుతుందమ్మాయ్" అని మురిసిపోయేది.

వీధంతా ఆమెను గలగల అనీ, భర్తను నిదానం అనీ పిలిచేవారు. ఆమెది జుట్టు కత్తిరించే షాపు. నోట్లో నువ్వుగింజ నానదు. నవ్వొస్తే ఎదుటివాళ్ళ భుజం చరచాల్సిందే. ఆయనది కళ్ళద్దాల షాపు. "ఇది బాగా కనిపిస్తోందా, ఇందాకటిదా?" అని పొద్దస్తమానం అడగడమే పని. ఇంటికొచ్చినా అదే వరస. ఏం వండాలన్నా, ఎక్కడికి వెళ్దామన్నా "నీ ఇష్టం" అనేవాడు.

కొత్తలో ఆమెకు ప్రేమొస్తే ఆగేది కాదు. వెనకనుంచి వెళ్ళి వాటేసుకునేది. ఆయన ఉలిక్కిపడి బిగుసుకుపోయేవాడు. కాసేపాగితే మెత్తబడేవాడేమో గానీ, ఆ కాసేపు ఆగడం ఆమెకు చేతకాదు. నేనంటే ఇష్టం లేదని తేల్చేసుకుంది. ఇక నేనుగా చెయ్యి వెయ్యను, కావాలంటే ఆయనే వస్తాడని పంతం పట్టి, గోడవైపు తిరిగి కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టింది. ఆ రాత్రే మంచం మొదటిసారి కిర్రుమంది. అప్పట్నించీ రోజూ ఆ చప్పుడు వింటూ, ఇంకో జానెడు పెరిగింది కాబోలు అనుకునేది. పగలంతా ఊళ్ళోవాళ్ళ తలలు ఆమె వేళ్ళ మధ్యే ఉండేవి. ఆమె తల నిమిరేవాళ్ళు మాత్రం లేరు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిజమే, కానీ ఈ ఒక్కటి అడగడానికి అంత నోరున్న మనిషికీ నోరు రాలేదు.

మంచం వీధి తలుపుకు తగిలిననాడు వడ్రంగిని పిలిపించింది. నడిమికి కోయించి, తన సగంతో షాపు మేడమీది గదికి వెళ్ళిపోవాలని ఆమె నిశ్చయం. ఆ మాట భర్తతో చెబితే "నీ ఇష్టం" అన్నాడు. అన్నం ముట్టకుండా షాపుకు వెళ్ళిపోయాడు.

వడ్రంగి, ఆమె, అత్తగారు కలిసి పరుపులు ఎత్తారు. అడుగున బల్లలన్నీ తిన్నగానే ఉన్నాయి. ఒక్క వరస మాత్రం ఆయన తలగడ దగ్గర మొదలై ఆమె పడుకునే చోటుదాకా కుంగిపోయి ఉంది.

"మీరేనా అత్తయ్యా, బట్టల కోసం ఇటు నడిచింది?"

"నేనెక్కేది కిటికీ వైపునుంచి కదా. అది వాడు పాకిన దారి. రోజూ రాత్రి కిర్రుకిర్రుమని నా గదిలోకి వినిపించేది. పోన్లే, పిల్లలు సుఖంగా ఉన్నారనుకుని చెవులమీదికి దుప్పటి లాక్కునేదాన్ని."

"అది మంచం పెరిగే చప్పుడు కదా?"

"పెరిగేవి ఎక్కడైనా చప్పుడు చేస్తాయా? నువ్వు పెరిగేటప్పుడు కిర్రుమన్నావా?"

గలగల ఆ కుంగిన బల్లమీదే కూర్చుండిపోయింది. తర్వాత భర్తకు ఫోన్ చేసి, "ఒకసారి ఇంటికి రండి" అంది.

ఆయన చేతిలో ఎవరివో కళ్ళద్దాలతోనే పరుగెత్తుకొచ్చాడు.

"రోజూ ఎక్కడిదాకా వచ్చేవారు?" అని అడిగింది.

బల్లలు చూసి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నీ వీపు దాకా."

"లేపలేదేం?"

"పడుకున్నావుగా. రోజంతా నిలబడి పనిచేసి వస్తావు. లేపితే విసుక్కుంటావేమోనని..."

"నేను నిద్రపోలేదు. ఒక్కనాడూ నిద్రపోలేదు."

వడ్రంగి రంపం పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మరి కోయమంటారా అయ్యా?"

ఆయన అలవాటుగా ఆమెవైపు చూశాడు. ఆమె జవాబు అందివ్వకుండా తల తిప్పుకుంది. అది పంతం కాదు, భయం. ఆయన మళ్ళీ "నీ ఇష్టం" అంటే ఈ ఇంట్లో ఆమెకు ఇక మిగిలేది ఏమీ లేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ సవరించుకున్నాడు.

"వద్దు," అన్నాడు చివరికి. "నాకు... నాకిష్టం లేదు. కోయొద్దు."

అత్తగారు వడ్రంగి చేత పరుపులు గబగబా వేయించి, "పదవయ్యా, నీకు టీ ఇప్పిస్తాను. నేనూ పొద్దుపోయేదాకా రాను" అని అతన్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆమె తన చోట పడుకుని ఆయనవైపు తిరిగింది. పట్టపగలు వెలుగులో ఆయన అటుచివర మంచమెక్కి, సిగ్గుపడుతూ, ఆగుతూ పాకడం మొదలుపెట్టాడు. మంచం ఇంచు కూడా తగ్గలేదు. ఎదురెళ్ళి లాక్కోవాలని ఆమె ఒళ్ళంతా తొందరపడింది. వెళితే బిగుసుకుపోతాడు. దుప్పటి గుప్పిట్లో బిగించి పట్టుకుని, ఆయన వచ్చినంతసేపూ కదలకుండా ఆయన్నే చూస్తూ ఉంది. జీవితంలో అంత కష్టమైన పని ఆమె ఎప్పుడూ చేయలేదు.