ఒక కాలమ్ జాగా

నీలకంఠం ఫొటోను బోర్లా పెట్టి, స్కేలు ఆనించి, పెన్సిలుతో నిలువుగా ఒక గీత గీశాడు. పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల బస్తాల ముందు నిలబడ్డ మంత్రిగారు గీతకు లోపల ఉన్నారు. ఆయన భుజాల మీదుగా తలలు దూర్చిన ముగ్గురు కార్యకర్తలు గీతకు బయట పడ్డారు. రేపు పొద్దున్నే ఆ ముగ్గురూ ఫోన్ చేసి నిలదీస్తారు. "జాగా చాలలేదండీ" అంటాడు. ఉద్యోగం మొత్తంలో అతను ఎక్కువసార్లు అన్న మాట అదే.

కత్తెర మాత్రం ముట్టుకోడు. ఫొటో వెనక గీత గీసి కొలత రాస్తే చాలు, మిగతాది స్కానింగ్ వాళ్ళు చూసుకుంటారు. కోసిన ఫొటో మళ్ళీ అతకదు. వార్తలు దిద్దే డెస్కులో కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజు చెప్పే పాఠం ఇది. ఆ పాఠాన్ని తనే ఒకసారి తప్పాడు. ఆ సంగతి అతని టేబుల్ సొరుగుకు తప్ప మరెవరికీ తెలియదు.

పత్రిక ఆఫీసు మద్దిలపాలెంలో, బస్ డిపోకు ఎదురుగా రెండో అంతస్తులో ఉంది. కింద బస్సు వెనక్కి తిరిగినప్పుడల్లా కండక్టరు ఈల వార్తల మధ్యలోకి దూరేది. నీలకంఠం సన్నటి మనిషి. టేబుల్ మీదకు వంగీ వంగీ భుజాలు ముందుకు వచ్చేశాయి. కళ్ళజోడు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. కుడిచేతి నడిమి వేలికి ఎర్ర సిరా మరక. పెళ్ళయిన కొత్తలో సూర్యకాంతమ్మ ఆ మరకను నిమ్మచెక్కతో రుద్దింది, చింతపండుతో తోమింది, చివరికి పుట్టుమచ్చ అనుకుని వదిలేసింది.

ఆవేళ అతను ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. మధురవాడ నుంచి బస్సులో నిలబడే వచ్చినా, అది నలగకుండా మోచేతులు ఎత్తిపట్టుకుని మరీ వచ్చాడు. కారణం ఉంది. హైదరాబాదులో ఒక సంస్థ, పనిలో ఉన్న పాత్రికేయులకు మూడు వారాల శిక్షణ తరగతులు పెడుతోంది. విశాఖ ఎడిషన్‌కు ఒకే ఒక్క సీటు. ఎవరిని పంపేదీ ఆవేళే చెబుతానన్నాడు ఎడిషన్ ఇన్‌ఛార్జి శ్రీరామ్మూర్తి.

నీలకంఠానికి శిక్షణంటే చిన్నపిల్లలకు తీర్థం, జాతర లాంటిది. తను బెంచీ మీద కూర్చుంటాడు. ఎవరో పెద్దాయన వచ్చి, వార్త ఎలా రాయాలో, శీర్షిక ఎలా పెట్టాలో నెమ్మదిగా, తిట్టకుండా చెబుతాడు. మధ్యలో టీ ఇస్తారు. తనకు తెలిసిందంతా తిట్లు తిని నేర్చుకున్నదే. అది సరైనదో కాదో ఒక్కసారి ఎవరి చేతనైనా చెప్పించుకోవాలని అతని కోరిక. ఇంతకుముందు పేరు రాలేదని కాదు. ఒకసారి బెడ్డింగు కూడా కట్టుకున్నాడు. ఎన్నికలు ముంచుకొచ్చాయి. "మీరు వెళితే డెస్కు ఎవరు చూస్తారండీ?" అన్నాడు అప్పటి ఇన్‌ఛార్జి. విని పొంగిపోయాడు, వెర్రి మనిషి. తర్వాత ఇన్‌ఛార్జులు మారారు గాని ఆ మాట మారలేదు. ఎవరు లేకపోయినా డెస్కు నడుస్తుందో వాళ్ళందరూ వెళ్ళి నేర్చుకుని వచ్చారు. ఇతను మాత్రం కుర్చీకి అతుక్కుపోయాడు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

వెళ్ళొచ్చిన ప్రతివాడి భుజానికీ ఒక సంచి ఉండేది. ఖాకీరంగు మందపాటి గుడ్డ, మీద నీలం అక్షరాల్లో సంస్థ పేరు, లోపల పెన్ను పెట్టుకోవడానికి చిన్న అర. నీలకంఠం టిఫిన్ క్యారియర్ బట్టలకొట్టు వాళ్ళిచ్చిన సంచిలో వచ్చేది. ఎవరి భుజాన ఆ ఖాకీ సంచి కనిపించినా అతనికి కడుపులో కుంపటి రాజుకునేది. అందరికంటే ఎక్కువగా కన్నబాబు భుజాన కనిపించినప్పుడు.

కన్నబాబు ఫిషింగ్ హార్బరు విలేఖరి. జాలరిపేట మనిషి, తండ్రీ అన్నలూ ఇప్పటికీ వేటకు వెళ్ళేవాళ్ళే. అతనికి వార్త రాయడం నేర్పింది నీలకంఠం; ఆ చనువుతో అతన్ని బావా అనీ, సూర్యకాంతమ్మను అక్కా అనీ పిలిచేవాడు. బోటు మునిగి మనుషులు పోయారని రాయమంటే, ముందు గాలి ఎటునుంచి వీచిందో రాసి, ఆ తర్వాత ఏ చేప పడిందో రాసి, చచ్చిపోయినవాళ్ళ పేర్లు ఆఖర్న రాసుకొచ్చేవాడు. నీలకంఠం ఎర్రపెన్నుతో గాలినీ చేపల్నీ కొట్టేసి, మనుషుల్ని పైకి తెచ్చేవాడు. అచ్చులో పేరు మాత్రం కన్నబాబుది పడేది. డెస్కు మనిషి పేరు వేసే ఆచారం ఏ పత్రికలోనూ లేదు.

నిరుడు ఆ వార్తల కటింగులు చూసే కన్నబాబును పది రోజుల శిక్షణకు పిలిచారు. తిరిగొచ్చాక అతని రాత మారింది. విషయం మొదటి వాక్యంలోనే ఉంటోంది. ఎర్రపెన్ను పట్టుకుని చివరిదాకా చదివినా కొట్టేయడానికి ఒక్క మాట దొరకడం లేదు. సంచి సంగతి ఎలాగో దిగమింగాడు గాని, ఇది నీలకంఠం గొంతు దిగలేదు.

మధ్యాహ్నం శ్రీరామ్మూర్తి గదిలోకి పిలిచాడు. వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు.

"ఏమీ అనుకోకండి నీలకంఠంగారూ. పేరుతో అచ్చయిన కటింగులు పంపమన్నారు. మీకేమో అలాంటివి ఉండవాయె. కన్నబాబు పేరే పంపుతున్నాను."

"ఆ కటింగుల్లో మాటలు ఎవరివండీ?" అన్నాడు నీలకంఠం. జీవితంలో మొదటిసారి అన్నాడు.

శ్రీరామ్మూర్తి నవ్వాడు. "నాకు తెలియదా? అయినా మీరు వెళితే డెస్కు ఎవరు చూస్తారండీ?"

నీలకంఠం వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. క్యారియర్ విప్పి, వంకాయ కూర కలిపి, రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు. లైబ్రరీ చూసే గురువులు అనే మనిషి మజ్జిగ తెస్తానంటే వద్దన్నాడు. కోపం శ్రీరామ్మూర్తి మీద రాలేదు, సంస్థ మీదా రాలేదు. వచ్చిందంతా కన్నబాబు మీదే. ఒడ్డున కూర్చుని ఈత నేర్పినవాడు ఒడ్డునే ఉన్నాడు, వాడు మాత్రం అవతలి గట్టు ఎక్కి చెయ్యి ఊపుతున్నాడు. వాడి చెయ్యి విరిగిపోను, అనుకున్నాడు. అనుకుని నాలిక కరుచుకోలేదు కూడా.

వంద తిట్లు తిడుతుండగానే వాడు వచ్చాడు. నల్లగా, పొట్టిగా, ఉప్పుగాలికి ఎర్రబడ్డ కళ్ళతో, మెట్లు ఎక్కిన ఆయాసంతో. భుజాన ఖాకీ సంచి. పట్టీ తెగినచోట వలనూలుతో ముడేసి ఉంది.

"ఏటి బావా, అలగున్నావు? తిన్నావా లేదా?"

"తిన్నాను."

"ఇదిగో, అక్కకి ఎండురొయ్యలు తెచ్చినాను. మా అమ్మ ఎండబెట్టింది. సంచితోటి పట్టుకెల్లిపో, రేపు తెచ్చిద్దువుగాని." సంచి తీసి, నీలకంఠం కుర్చీ వెనక గోడకున్న మేకుకు తగిలించాడు.

"చదువుకునే సంచిలో రొయ్యలేటిరా?"

"సంచికి తెలుస్తాదేటి బావా, సదువో రొయ్యో!" పకపకా నవ్వాడు. తర్వాత కాగితాలు చేతికిచ్చి, టేబుల్ అంచు మీద కూర్చున్నాడు. "నీకొకటి సెప్పడం మర్సిపోనాను. నిరుడు ఐద్రాబాదులో మన బోటు వార్త అందరి ముందూ సదివినారు. మొదటి వాక్యం ఇలగుండాల అన్నారు. అది మా బావ రాసిందండీ, నాను కాదండీ అన్నాను. నవ్వినారు గాని ఎవులూ నమ్మలేదు."

నీలకంఠం కాగితాల మీద నుంచి తల ఎత్తలేదు. తన వాక్యాన్ని అంతమంది పెద్దవాళ్ళ ముందు చదివారు. మెచ్చుకున్నారు. ఆ మెప్పు వినడానికి వీడు అక్కడ ఉన్నాడు, తను ఇక్కడ మంత్రి ఫొటోలు కొలుస్తూ ఉన్నాడు.

"ఈసారీ నన్నే పంపుతన్నారంట," అన్నాడు కన్నబాబు గొంతు తగ్గించి. "నీకు కోపమేటి బావా?"

"నాకెందుకు కోపం?"

"కాదులే. ఆ గ్రూపు ఫొటో ఒకటి ఉండాల. మన పేపర్లో పడినపుడు అందులో నాను లేను. మా పేటోళ్ళు ఒకటే నవ్వు, ట్రయినింగని సెప్పి సినిమాలకెల్లినాడని. జాగా సాల్లేదేటి?"

"జాగా చాలలేదు."

"జాగాదే కదా మన బాదంతా," అన్నాడు కన్నబాబు, పూర్తిగా నమ్మేసి. "ఆ ఫొటో ఉంటే ఇయ్యి బావా, అమ్మ పటం కట్టించుకుంటానంటంది. మళ్ళొస్తాను. స్టీమరేదో ఆగిపోయిందంట, పోర్టుకెల్లొస్తాను."

మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు ఆగేదాకా నీలకంఠం కదలలేదు. తర్వాత సొరుగు లాగాడు. పిన్నుల డబ్బా కింద ఆ ముక్క ఉంది. గ్రూపు ఫొటోలో కుడి చివర, తెల్లచొక్కా వేసుకుని, కొత్త సంచి భుజాన వేసుకుని, నవ్వాలో కూడదో తెలియక నిలబడ్డ కన్నబాబు. నిరుడు ఆ ఫొటో వచ్చినప్పుడు మూడు కాలమ్‌ల జాగా ఉంది. ఇతనే రెండు కాలమ్‌లు చాలునన్నాడు. గీత గీస్తే ఫొటో మిగులుతుంది, ఎప్పటికైనా మళ్ళీ పడుతుంది. అందుకని కత్తెర తీసుకున్నాడు. తలనుంచి కాళ్ళదాకా తిన్నగా కోశాడు. కోశాక చెత్తబుట్టలో వేయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

ఇచ్చేద్దామని ఒక్క క్షణం అనిపించింది. ఇస్తే ఎందుకు కోశావంటాడు. సొరుగు మూసేశాడు.

కన్నబాబు ఇచ్చిన కాగితాలు చదివాడు. ఎర్రపెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. వెనక మేకు దగ్గర నుంచి రొయ్యల వాసన వస్తూ ఉంది.

పొద్దు వాలాక ఫోన్ మోగింది. ప్రమాదాలూ దొంగతనాలూ చూసే కుర్రవిలేఖరి గోపి.

"సార్, కాన్వెంట్ జంక్షన్ దగ్గర బొగ్గు లారీ స్కూటర్ని గుద్దీసింది. ఒకలు స్పాట్లో పోనారు."

నీలకంఠం భుజానికీ చెవికీ మధ్య రిసీవర్ ఇరికించుకుని రాసుకోసాగాడు. ఒక మనిషి పోతే ఒక కాలమ్, నాలుగు వాక్యాలు. 'లారీ ఢీకొని స్కూటరిస్టు మృతి'. "ఎటునుంచి వస్తున్నాడు?"

"పోర్టు నుంచి సార్."

"పేరేటి?"

అవతల లారీల హారన్లు వినిపించాయి.

"పేరు కనుక్కోకుండా ఫోన్ చేస్తావేటిరా?"

"మన కన్నబాబన్న, సార్."

నీలకంఠం పేరు రాశాడు. పక్కన కామా పెట్టాడు. "వయసు?" అన్నాడు.

గోపి ఏడుపు గొంతుతో అన్నాడు: "మీకు తెలీదేటి సార్?"

తెలుసు. తనకంటే ఆరేళ్ళు చిన్న.

శ్రీరామ్మూర్తి గదిలోంచి పరుగున వచ్చాడు. ఎవరో ఏడ్చారు, ఎవరో స్కూటర్ తీసుకుని ఆసుపత్రికి వెళ్ళారు. పేజీ మాత్రం ఆగదు. మొదటి పేజీలో మూడు కాలమ్‌లు వేద్దామన్నాడు శ్రీరామ్మూర్తి. కన్నబాబు గురించి మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, మీరే రాయాలన్నాడు. నీలకంఠం రాశాడు. వాక్యాలు తిన్నగానే వచ్చాయి. మూడు కాలమ్‌లు, అనుకున్నాడు మధ్యలో. నేను పోతే ఎన్ని వేస్తారు? లోపలి పేజీలో ఒకటి వేస్తే గొప్ప. చచ్చినవాడి మీద కూడా కళ్ళలో నిప్పులు పోసుకుంటున్న తనని చూసి తనకే భయం వేసింది. రాయడం ఆపకుండా కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

ఫొటో కావాలన్నారు. అందరి ఫొటోలూ అచ్చువేసే పత్రికలో తమ మనిషి ఫొటో ఒక్కటీ లేదు. గురువులు అట్టపెట్టెలన్నీ వెతికి, నిరుటి శిక్షణ తరగతుల గ్రూపు ఫొటో పట్టుకొచ్చాడు. శ్రీరామ్మూర్తి దాన్ని దీపం కిందకు జరిపి చూశాడు. కుడి చివర మనిషి లేడు. తెల్లచొక్కా భుజం నూలుపోగంత మిగిలి ఉంది.

"ఎవరు కోశారు దీన్ని?"

ఫొటోకు కత్తెర పెట్టకూడదని ఆ గదిలో అందరికీ తెలుసు, ఎవరు చెప్పగా తెలిసిందో కూడా తెలుసు. నీలకంఠం సొరుగు లాగి, పిన్నుల డబ్బా ఎత్తి, ముక్క తీసి టేబుల్ మీద పెట్టాడు. గురువులు గ్రూపు ఫొటోను దాని పక్కకు జరిపాడు. భుజం భుజానికి అతికినట్టే ఆనింది, మధ్యలో గీత మాత్రం అలాగే ఉంది.

శ్రీరామ్మూర్తి ముక్కను చూశాడు, తర్వాత నీలకంఠాన్ని చూశాడు.

"ఒక కాలమ్‌కు సరిపోతుంది," అన్నాడు నీలకంఠం. "వెనక కొలత రాసిస్తాను."

పేజీ అచ్చుకు వెళ్ళాక శ్రీరామ్మూర్తి వచ్చి అతని టేబుల్ దగ్గర నిలబడ్డాడు. ముక్క సంగతి ఎత్తలేదు.

"హైదరాబాదుకు పేరు ఇంకా పంపలేదు. రేపు పొద్దున్నే ఫ్యాక్స్ చేయాలి. సీటు పోగొట్టుకోవడం ఎందుకు? కటింగుల సంగతి నేను మాట్లాడతాను. మీ పేరు రాస్తాను."

నీలకంఠం లోపల ఏదో ఎగిరి గంతేసింది. బెంచీ, టీ, పెద్దాయన, నెమ్మదిగా చెప్పే పాఠం అన్నీ ఒక్కసారి కనిపించాయి. ఆ సంతోషానికి సిగ్గూ లేదు, శరమూ లేదు. అది కాసేపు గంతులు వేసి, చోటు చాలక ఆగిపోయింది.

"నేను వెళితే డెస్కు ఎవరు చూస్తారండీ?" అన్నాడు.

ఎర్రపెన్నును సొరుగులో పెట్టి తాళం వేశాడు. బట్టలకొట్టు సంచిలో క్యారియర్ సర్దుకున్నాడు. మేకు వైపు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. రేపు తెచ్చిద్దువుగాని అన్నాడు వాడు. తెచ్చి ఎవరికివ్వాలి?

మధురవాడ బస్సు అందుకోవడానికి అతను మెట్లు దిగిపోయాడు. తెగిన పట్టీకి వలనూలు ముడితో, నిండా ఎండురొయ్యలతో, ఖాకీ సంచి గోడ మేకుకు వేలాడుతూ ఉండిపోయింది.