పదకొండు సెకన్లు

"మహేశ్వరీ, జర గిటు రా. టీవీల వస్తున్న ఆయన మన వైకుంఠం కాక గాదా?"

అమ్మ పిలుపు విని, సగం వేసిన జడ చేత్తో పట్టుకుని ముందుగదిలోకి వచ్చాను. 2008 నవంబరు పదో తేదీ, సోమవారం. కల్తీ సారా తాగి తొమ్మిది మంది చనిపోయిన వార్త నడుస్తోంది. నగరం చివర ఏదో బస్తీలో, మాకు ముప్ఫై కిలోమీటర్ల అవతల జరిగింది. ఏడుస్తున్న ఆడవాళ్లు, ఆసుపత్రి వరండా, మళ్లీ ఏడుస్తున్న ఆడవాళ్లు. ఆ తర్వాత వైకుంఠం కాక. బనీనుతో, గొంతుకూర్చుని, నీలం డ్రమ్ములోంచి తెల్ల డబ్బాలోకి ఏదో వంచుతున్నాడు. ముఖం నిండుగా కనిపిస్తోంది. "మృత్యువును డబ్బాల్లోకి నింపుతున్న వ్యాపారులు" అంటోంది వెనకాల ఆడగొంతు.

ఆ దృశ్యం పదకొండు సెకన్లు ఉంటుంది. నాకు కచ్చితంగా తెలుసు. దాన్ని తీసినప్పుడు కెమెరా పక్కన నిలబడింది నేనే.

మాది ధూల్‌పేట అంచున ఒక గల్లీ. నాన్న పురుషోత్తం బస్సు డిపోలో మెకానిక్. మా ఇంటికి రెండిళ్ల అవతల వైకుంఠం కాక షెడ్డు. ఆయన వినాయకుడి విగ్రహాలు చేస్తాడు. వరసకు కాక కాదు, పుట్టినప్పటినుంచి చూస్తున్నాను కాబట్టి కాక. చిన్నప్పుడు స్కూలు నుంచి రాగానే ఆ షెడ్డులో కూర్చుని, విగ్రహానికి కళ్లు దిద్దేదాకా కదిలేదాన్ని కాదు.

ఉస్మానియాలో జర్నలిజం ఎం.ఏ. రెండో ఏడాదిలో ఉండగా, ఆగస్టులో ఒక న్యూస్ చానెల్‌లో రెండు నెలల ట్రైనింగు దొరికింది. మొదటి స్టోరీ ఏం చేస్తావని అడిగితే మా గల్లీ పేరే చెప్పాను. ధూల్‌పేట అనగానే అందరికీ సారాయే గుర్తొస్తుంది, విగ్రహాలు చేసే చేతుల్ని చూపిస్తానన్నాను. కెమెరామన్‌తో వెళ్తే కాక చాలా సంబరపడ్డాడు. "అంగి తొడుక్కోవాల్నా బిడ్డా?" అని అడిగాడు. వద్దు కాకా, పనిలో ఎట్లా ఉంటావో అట్లాగే ఉండు అన్నాను. రంగుల్లో కలిపే జిగురు నీళ్లు డబ్బాలోకి వంచుతుంటే వెలుగు బాగా పడిందని కెమెరామన్ మూడుసార్లు వంచమన్నాడు. మూడుసార్లూ వంచాడు. చవితినాడు ఆ స్టోరీ వచ్చింది. గల్లీ అంతా చూసింది. వారం రోజులు నేను ఎటు వెళ్లినా నా గురించి మాట్లాడుకున్నారు. నాకది బాగుండింది.

ఇప్పుడు అదే దృశ్యం. అదే వెలుగు.

బస్సు పట్టుకుని బంజారాహిల్స్‌లోని చానెల్ ఆఫీసుకు వెళ్లాను. న్యూస్ డెస్క్ చూసే సాయికృష్ణ గారిది రాజమండ్రి. మంచివాడే. ట్రైనింగులో నాకు చిన్న చిన్న వాక్యాలు రాయడం నేర్పింది ఆయనే.

"సార్, అది సారా కాదు. జిగురు నీళ్లు. ఆయన మా గల్లీ ఆయన, విగ్రహాలు చేస్తాడు. పొద్దటినుంచి ఆయన ముఖమే చూపిస్తున్నారు."

ఆయన స్క్రీను వైపు చూశాడు. అప్పుడే మళ్లీ వస్తోంది. "కింద మూలన ఫైల్ అని, అంటే పాత దృశ్యమని వేశాం కదమ్మా."

"అది ఎవరికి కనబడుతుంది సార్?"

ఆయన ఫోన్ చేసి ఆ షాట్ తీసేయమన్నాడు. తర్వాత టేపుల గదికి తీసుకెళ్లి రిజిస్టరు తెరిచాడు. ఏ టేపులో ఏముందో, తీసుకొచ్చినవాళ్లే రాసి సంతకం పెట్టాలి. ఆగస్టు పేజీలో నా దస్తూరీ: 'ధూల్‌పేట. షెడ్డు లోపల. డ్రమ్ములు, డబ్బాలు. క్లోజప్‌లు బాగున్నాయి.' కింద నా సంతకం.

విగ్రహాలు అన్న మాట ఎక్కడా లేదు. ఆ సాయంత్రం బస్సు పోతుందని గబగబా రాసేసి పరుగెత్తాను.

"పొద్దున అయిదున్నరకి వార్త తెలిసింది. ఆరు గంటలకల్లా తెర మీద ఏదో ఒకటి కదలాలి" అన్నాడు సాయికృష్ణ. "ఎడిటర్ రిజిస్టర్లో ధూల్‌పేట అని చూశాడు, డబ్బాలు అని చూశాడు, టేపు తీశాడు. నేనైనా అదే చేసేవాణ్ని. నువ్వైనా అంతే."

"సవరణ వేయండి సార్. తప్పు జరిగిందని చెప్పండి."

"అది నా చేతిలో ఉండదమ్మా. పైవాళ్లని అడుగుతాను."

నేను తిరిగి వచ్చేసరికి గల్లీ మొదట్లో జీపు ఆగి ఉంది. ఎక్సైజు వాళ్లు వచ్చి డ్రమ్ము మూత తీసి వాసన చూశారట. పులిసిన జిగురు వాసనకు ఒకాయన ముక్కు మూసుకుని నవ్వాడట. ఏమీ లేదని వాళ్లకు పది నిమిషాల్లో అర్థమైంది. కానీ జీపు గంటసేపు ఉంది. దాన్ని చూసినవాళ్లకు జీపే గుర్తుంటుంది.

మూడో రోజున కాక భార్య నాగమణమ్మను పని మానేయమన్నారు. ఆమె ఒక చిన్న ప్రైవేటు బడిలో పిల్లలకు వంట చేసేది. ఎవరూ కోప్పడలేదు. కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉండమన్నారు, అంతే. ఆ వారమే పక్క వీధిలో ఉండే రాహేలు టీచరు వచ్చింది. క్రిస్మస్‌కు వాళ్ల చర్చిలో పెట్టడానికి పశువుల పాక బొమ్మలు చేయమని అంతకుముందే చెప్పి ఉంది. మరియమ్మ, యోసేపు, గొర్రెలు అప్పటికే సగం రంగులు వేసి ఉన్నాయి. ఆమె షెడ్డు బయటే నిలబడింది.

"నాకు ఎరుకనే వైకుంఠమన్నా. నువ్వు ఎసోంటోనివో నాకు ఎరుక. మా చర్చి సంఘపోల్లు ఒప్పుకుంటలేరు" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కాక తల ఊపాడు. ఆమె వెళ్లాక గొర్రెల మీద గోనెపట్టా కప్పాడు.

నేను ఆ పక్కనే ఉన్నాను. నావైపు తిరగకుండా అడిగాడు. "నువ్వు తీసిందేనా గది?"

"అవును కాకా." రిజిస్టరు సంగతి మొత్తం చెప్పాను. చెప్పకపోతే ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ చెప్పాను.

గోనెపట్టా అంచు ఇంకాస్త కిందికి లాగాడు. "బొమ్మలని ఒక్క మాట రాయకపోతివి" అన్నాడు. 

క్లాసుల్లో వార్తకు ఎన్ని కాపలాలు ఉంటాయో చెప్పేవారు. రిపోర్టరు ఆపుతాడు, డెస్కు ఆపుతుంది, ఎడిటర్ ఆపుతాడు అని బోర్డు మీద గీతలు గీసి చూపించేవారు. నేను నోట్సు రాసుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. ఆ గీతలన్నిటి మధ్యలోంచి వైకుంఠం కాక ముఖం ఏ అడ్డూ లేకుండా నడిచిపోయింది. ఎవరిలోనూ ద్వేషం లేదు. ఎవరూ అబద్ధం చెబుదామనుకోలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

రెండు వారాలు చానెల్ ఆఫీసు చుట్టూ తిరిగాను. నాలుగుసార్లు రిసెప్షన్ దగ్గరే కూర్చోబెట్టి పంపించారు. ఇరవై అయిదో తేదీ మంగళవారం సాయికృష్ణే ఫోన్ చేశాడు. "ఒప్పుకున్నారమ్మా. గురువారం పొద్దున ఎనిమిది గంటల బులెటిన్‌లో. ఇరవై సెకన్లు. ఆయన విగ్రహం చేస్తున్న షాట్ వేసి చదివిస్తాను."

పరుగున వెళ్లి చెప్పాను. నాగమణమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ బడివాళ్లకు కూడా కబురు చేస్తానంది.

బుధవారం రాత్రి ముంబైలో కాల్పులు మొదలయ్యాయి.

గురువారం పొద్దున సంగతి తెలిసే వెళ్లాను. కాక తలస్నానం చేసి తెల్ల అంగి తొడుక్కుని ఉన్నాడు. పక్కింటివాళ్లను, ఎదురింటి శివయ్యను పిలిచి చాప వేశాడు. నాగమణమ్మ అందరికీ చాయ్ పోసింది. ఎనిమిది అయింది. తెర మీద సముద్రం ఒడ్డున పెద్ద హోటలు కాలుతోంది. గుమ్మటం మీంచి పొగ. రోడ్డు మీద బోర్లా పడుకుని మైకులో అరుస్తున్న రిపోర్టరు. స్టేషన్లో చెల్లాచెదురుగా చెప్పులు, సంచులు. ఎనిమిదిన్నర అయింది. వచ్చినవాళ్లు ఎందుకు వచ్చారో మర్చిపోయారు. శివయ్య ముందుకు వంగి "ఎంతమంది ఉన్నరో లోపల" అంటున్నాడు.

తొమ్మిదికి నాగమణమ్మ నెమ్మదిగా అడిగింది. "ఇగ రాదా మహేశ్వరీ?"

నేను నోరు తెరిచేలోపే కాక అన్నాడు. "ఊకో. గక్కడ మనుషులు సస్తున్నరు. గిప్పుడు నా ముచ్చట ఎవలికి గావాలె?"

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అన్నాడు. నేను మాత్రం అంతసేపూ ఆ మంటలు చూస్తూ లోపల ఒక్కటే లెక్కపెట్టుకుంటున్నాను. అడుగున పరుగెత్తే అక్షరాల్లో అయినా, ఎక్కడో ఒకచోట మా ఇరవై సెకన్లకు జాగా ఇస్తారేమోనని. అంతమంది చచ్చిపోతుంటే నేను చూస్తున్నది అది. నామీద నాకే అసహ్యం వేసింది. అయినా అడుగున పరుగెత్తే అక్షరాలు చదవడం ఆపలేదు.

శనివారం దాకా వేరే వార్త లేదు. ఆ తర్వాత వారం అంతా దాని మీద చర్చలే. డిసెంబరు మొదట్లో ఫోన్ చేస్తే సాయికృష్ణ అలసిపోయిన గొంతుతో మాట్లాడాడు.

"ఇప్పుడు వేస్తే ఏం లాభం తల్లీ. జనం ఎప్పుడో మర్చిపోయారు. మర్చిపోయినదాన్ని మనమే గుర్తు చేసినట్టు అవుతుంది."

ఆయన అబద్ధం చెప్పాడనుకోను. ఆ ఆఫీసులో నిజంగానే మర్చిపోయారు. జనవరిలో ఆయన ఇంకో చానెల్‌కు మారిపోయాడు. కొత్తగా వచ్చినాయనకు నేనెవరో తెలియదు.

కానీ మర్చిపోనిది ఒకటి ఉంది. నయాపూల్ దగ్గర, మెట్ల కింద ఉన్న ఇంటర్నెట్ సెంటర్లో ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే దొరికింది. ఎవరో ఆ బులెటిన్‌ని టీవీ నుంచి రికార్డు చేసి నెట్‌లో పెట్టారు. 'ధూల్‌పేట్ లిక్కర్ మాఫియా' అని పేరు. మూలన ఉండే ఫైల్ అనే మాట ఆ మసక వీడియోలో కనబడనే లేదు. కింద కామెంట్లు ఉన్నాయి. 'ఇలాంటివాళ్లని నడిరోడ్డు మీద ఉరి తీయాలి' అని ఒకరు. ఆ ఏరియావాళ్లంతా ఇంతే అని ఇంకొకరు. ముఖం తెలియనివాళ్లు, ఊరు తెలియనివాళ్లు.

పెట్టిన మనిషికి ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. వారానికి జవాబు వచ్చింది. 'టీవీలో వచ్చిందే పెట్టాను. తప్పైతే టీవీవాళ్లను అడగండి.' టీవీవాళ్లను అడిగితే నెట్‌తో మాకేం సంబంధం అన్నారు. వీడియో కింద ఉన్న ఫిర్యాదు మీటను రోజూ నొక్కేదాన్ని. నొక్కాలంటే ముందు తెరవాలి. తెరిచినప్పుడల్లా చూసినవాళ్ల సంఖ్య ఒకటి పెరిగేది. అది ఆరువందలు దాటినరోజు, అందులో వంద నావేనని తట్టింది. ఆ తర్వాత తెరవడం మానేశాను.

గల్లీలో పుట్టిన మాటకు కాళ్లు ఉంటాయి. ఒకరినుంచి ఒకరికి పోతూ మారుతుంది, చెప్పేవాళ్లకు విసుగొస్తుంది, చివరికి ఎక్కడో కూలబడిపోతుంది. ఇది కూలబడదు. దీనికి విసుగు రాదు. మొదటిరోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది.

జరిగిందంతా నా బ్లాగులో రాశాను. పదకొండు మంది చదివారు, అందులో తొమ్మిది మంది క్లాస్‌మేట్లు. 'చాలా హృద్యంగా ఉంది' అని ఒక కామెంటు. దాన్నే పెంచి ప్రాజెక్టు రిపోర్టుగా ఇచ్చాను. మా ప్రొఫెసర్ క్లాసులో అందరిముందు మెచ్చుకున్నారు. అందరికంటే ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. ఆ సంగతి ఇంట్లో చెప్పాను కానీ రెండిళ్ల అవతల చెప్పలేకపోయాను.

సంక్రాంతి తర్వాత గణేశ్ కమిటీలవాళ్లు వచ్చి విగ్రహాలు చెప్పి వెళ్లే కాలం. ఆ ఏడు ఇద్దరే వచ్చారు. పాతవాళ్లలో ఒకాయన మాత్రం, వేరే షెడ్డు పేరు మీద చేసి ఇస్తావా అని అడిగాడు. కాక చేయనన్నాడు. మార్చిలో ఇల్లు ఖాళీ చేశారు. కామారెడ్డిలో నాగమణమ్మ తమ్ముడికి విగ్రహాల పని ఉంది, అందులో కలుస్తామన్నారు.

లారీ వచ్చినరోజు నేను క్లాసు మానేసి సామాన్లు అందించాను. అచ్చులు, కొబ్బరిపీచు మూటలు, బ్రష్షుల డబ్బాలు. నువ్వు కావాలని చేసినవా బిడ్డా, పోనీయ్ అని ఒక్క మాట అంటాడేమోనని పొద్దంతా ఆయన చుట్టూ తిరిగాను. ఆయన తాళ్లు బిగించడం గురించి మాట్లాడాడు, వర్షం వస్తుందా అని ఆకాశం చూశాడు. మా నాన్న చేతులు పట్టుకున్నాడు. నన్ను చూసి "మంచిగ చదువుకో" అన్నాడు. అందరికీ చెప్పే మాటే.

చదువు అయ్యాక ఒక దినపత్రిక డెస్క్‌లో చేరాను. ఏ ఫోటో వచ్చినా ఇది ఎప్పటిది, ఎక్కడిది, ఇందులో ఉన్నది ఎవరు అని అడుగుతాను. మిగతావాళ్లు విసుక్కుంటారు. ఒక్కోరోజు పేజీ వెళ్లిపోయే వేళకు నేనూ అడగను. అడగనిరోజు ఇంటికి వచ్చాక అన్నం సయించదు. మర్నాడు మామూలే.

వానాకాలంలో ఒకసారి కామారెడ్డికి ఫోన్ చేశాను. నాగమణమ్మ ఎత్తింది.

"కాక పనిల ఉన్నడు. ఏమన్న జెప్పాల్నా?"

"ఏం లేదు చిన్నమ్మా. ఊకెనే చేసిన. ఎట్లున్నరు?"

"మంచిగనే ఉన్నం." గొంతు తగ్గించింది. "మహేశ్వరీ, గది ఇంక ఉన్నదా నెట్ల?"

"ఉన్నది చిన్నమ్మా."

అవతల ఎవరో సుత్తితో కర్ర కొడుతున్న చప్పుడు వినిపించింది.

"సరె బిడ్డా. పొయ్యి మీద బియ్యం ఉన్నయ్" అని పెట్టేసింది.