గుండె కణాలకు పస్తు

గప్‌సున్ పళ్ళేల్లోని పాత ద్రవాన్ని ఒక్కొక్కటిగా పీల్చి తీసేస్తోంది. అడుగున అంటుకున్న గుండె కణాలు చెదరకూడదు. పొట్టి మనిషి, వేళ్ళు మొద్దువి, గోళ్ళు మరీ పొట్టిగా కత్తిరించినవి. అయినా ఆ చేతి కింద ఒక్క కణం ఊడదని కొరియాలో, తేజన్‌లోని ఆ పరిశోధనశాలలో ఆమెకు పేరు. వయసు నిండి, ఇవాళ ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజు.

కణాలకు ద్రవం మార్చడాన్ని మా దగ్గర అన్నం పెట్టడం అంటారు. ఆ మాటే కొంప ముంచింది. గుండె కణాన్ని పెరగమని చెప్పే సంకేతమేదో పట్టుకోవాలని హేరిమ్ అనే చిన్న డాక్టరమ్మ చలికాలమంతా తంటాలు పడింది. కణాలకు తిండిగా ద్రవంలో కలిపే సీరంలో, అంటే రక్తం నుంచి తీసిన రసంలో, సవాలక్ష సంకేతాలుంటాయి. అందుకని ముందు ఒక పగలంతా సీరం లేని ద్రవంలో కణాలను పస్తుంచాలి. అప్పుడు గాని తను వేసే ఒక్క సంకేతం ఏం చేస్తుందో తెలియదు. తీరా చూస్తే ఏమీ వేయని కణాలు కూడా ఉబ్బి కూర్చునేవి. ఈసారీ అంతే అయితే ఈ పని కట్టిపెట్టమన్నాడు ప్రొఫెసరు.

నిన్న గప్‌సున్ తనంతట తానే హేరిమ్ దగ్గరికి వెళ్ళి చెప్పేసింది. ఎదురుపడితే "అన్నం తిన్నావా" అని పలకరించుకునే మనుషులం మేము. పస్తున్నవాటిని చూస్తూ ఊరుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. ప్రతిసారీ ఎవరూ చూడకుండా రవ్వంత సీరం వేసేది.

హేరిమ్‌కు కోపంతో ఏడుపొచ్చింది.

"ఆకలితో ఉంటేనే కదా పిన్నీ, పిలుపు వినబడేది. కడుపు నిండినవాడికి ఏం వినబడుతుంది?"

గప్‌సున్ తల దించుకోలేదు. "మా ఆయన తెగించి మాట్లాడితే, తెగువ ముదిరి నీకు కాలేయం ఉబ్బిందిరా అని అందరూ వేళాకోళం చేసేవాళ్ళు. చివరికి ఉబ్బింది గుండె. దాంతోనే పోయాడు. ఏ మాట విని అది అట్లా ఉబ్బిందో నువ్వు కనుక్కో డాక్టరమ్మా. రేపు నేను చుక్క వేస్తే నా చెయ్యి విరగ్గొట్టు."

ఇవాళ వేయలేదు. మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచినా ఆమె లేవలేదు. పిన్ని కూడా కణాలతో పాటు పస్తా అని పక్క గది వాళ్ళు ఆట పట్టించారు. అవి తినకుండా నేనెట్లా తింటానని కసిరి, బార్లీ నీళ్ళు తాగి కూర్చుంది. ఒకసారి లేచి సీరం సీసా దాకా వెళ్ళింది. ప్రాణం ఉసూరుమంది. వెనక్కి వచ్చి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం హేరిమ్ వచ్చి సగం పళ్ళేల్లో తన సంకేతం వేసి, మిగతా సగం వదిలేసింది. గప్‌సున్ తెల్లకోటు విప్పి మడత పెట్టింది. కణాలున్న వెచ్చని పెట్టె ముందు నిలబడి, పెద్దవాళ్ళకు వంగినట్టు నడుం వంచింది. వీడ్కోలు విందు వద్దని ముందే చెప్పేసింది. రోజూ ఎక్కే బస్సే ఎక్కి వెళ్ళిపోయింది.

ఆదివారం హేరిమ్ సూక్ష్మదర్శినిలో చూసింది. సంకేతం వేసినవి రెట్టింపు ఉబ్బాయి. వేయనివి సన్నగా, పస్తు మొహాలతో, అలాగే ఉన్నాయి. ఖాళీ గదిలో గట్టిగా నవ్వేసింది. పిన్నీ అని పిలవబోయి, ఆమె లేదని గుర్తొచ్చి ఆగింది. చన్నీళ్ళు తాగుదామని ఫ్రిజ్ తెరిచింది.

పై అరలో, ఊరెళ్ళే బిడ్డకు అన్నం మూట కట్టినట్టు గులాబీ గుడ్డలో గట్టిగా ముడివేసి, సీరం కలిపిన ద్రవం సీసా ఒకటి ఉంది.