పెద్దింట్లమ్మ వల, ఊరి కట్టు

రంగూను ఓడలు కాకినాడ నుంచి మగవాళ్లని ఎక్కించుకుపోతున్న రోజులవి. ఉప్పాడ ఒడ్డున వలలకు కొదవ లేదు, లాగే చేతులకే కరువొచ్చింది. మొగుడు చచ్చిపోయాక, ఒడ్డు నుంచి తాళ్లతో లాగే పెద్దవల పెద్దింట్లమ్మదే అయింది గానీ, ఆమె దాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు. ఆడది ముడితే వల మైలపడుతుందని, గంగమ్మ చేపను దారి మళ్లిస్తుందని ఊరి నమ్మకం. ఆమె ఇసుకదిబ్బ మీద నిలబడి చూసేది. కూలీలని కుదర్చడం, పడవెక్కి వల వెయ్యడం మేస్త్రి గంగయ్య పని.

ఒకనాడు మరిడమ్మ ఆమె గుమ్మం ముందుకొచ్చింది. రంగూను వెళ్లిన మొగుడి కబురు లేక ఏడాది దాటింది ఆమెకి.

"అత్తా, నన్ను తాడు మీద పెట్టుకో. మగోడితో సమానంగా లాగుతాను."

"గంపెత్తి అమ్ముకో. ఉప్పుచేపలు ఎండేసుకో. వల మీద ఆడదాన్ని పెట్టను."

"ఏం, ఎందుకని?"

"నా వల. నా ఇష్టమొచ్చినవాళ్లని పెట్టుకుంటాను. నిన్నడగాలా?"

పక్కనే ఉన్న గంగయ్య "అదీ మాటంటే!" అన్నాడు. ఊరిపెద్ద పల్లంరాజు చెవిన పడితే ఆయనా మెచ్చుకున్నాడు. మరిడమ్మ అరచేతులు చీరకు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ పూట పెద్దింట్లమ్మకి అన్నం సయించలేదు.

కార్తీకంలో ఒక పొద్దున, వల నీళ్లలో ఉండగానే గాలి తిరిగింది. నిండా కవళ్ల చేప పడిందని నీటి మెరుపే చెబుతోంది. వలకి రెండు వైపులా రెండు తాళ్లు. రెండూ సమానంగా రావాలి. దక్షిణపు తాడు మీద మనుషులు చాల్లేదు. కాళ్లు ఇసుకను దున్నుకుంటూ కెరటాల్లోకి ఈడ్చుకుపోతున్నాయి. వల మెలిపడి, ఎప్పుడో మునిగిన ఓడ దుంగల వైపు కొట్టుకుపోతోంది. అక్కడ చిక్కిందంటే పీలికలే.

"వదినా! ఆగట్లేదు! తాడు కోసేయమంటారా?" నడుం లోతు నీళ్లలోంచి గంగయ్య అరిచాడు. కత్తి అప్పటికే చేతిలో ఉంది.

దిబ్బ కింద ఆడవాళ్లు గంపలతో నిలబడి ఉన్నారు. ఒక్కతీ కదల్లేదు. మరిడమ్మ సముద్రాన్ని చూడ్డం లేదు, పెద్దింట్లమ్మనే చూస్తోంది.

పెద్దింట్లమ్మ "కొయ్యకు!" అని కేకేసి దిబ్బ దిగి పరిగెత్తింది. "మరిడీ, రా! అందరూ రండే!" అంటూ తడి తాడు రెండు చేతులా పట్టుకుంది.

ఆమె చెయ్యి పడగానే, అదే తాడు లాగుతున్న కూలీలు లోవరాజు, అతని తమ్ముడు నిప్పు తగిలినట్టు తాడొదిలేశారు. తాడు ఒక్క ఊపున జారి ఆమె అరచేతుల తోలు లేపేసింది. ముందుకు బోర్లా పడబోతుంటే వెనకనుంచి ఎవరో నడుం పట్టి నిలబెట్టారు.

"మడమలు దిగెయ్యి అత్తా! వెనక్కి వాలు!"

మరిడమ్మ గొంతు. ఆమె వెనక చిట్టెమ్మ, ఆ వెనక మిగతావాళ్లు. గంపలు కెరటాల్లో తేలిపోతున్నా ఎవరూ వెనుదిరగలేదు.

వల ఒడ్డెక్కింది. వల ఒక పక్క చిరిగి చేప సగం జారిపోయింది.

సాయంత్రానికి పల్లంరాజు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. "అమ్మోరికి కోడిని కోసి మైల తీర్చుకో అమ్మాయ్. ఇక ఆడది వల జోలికి రాకూడదు."

"కోడిని కోస్తానండి మావయ్యగారూ. వాళ్లు మాత్రం రేపట్నుంచి తాడు మీదే ఉంటారు."

"నువ్వనుకుంటే అయిపోద్దా? వల నీదే. కట్టుబాటు ఊరిది."

పసుపు పట్టించిన అరచేతులు ఆమె ముందుకు చాపింది. "వాళ్లని వద్దన్నప్పుడు నా వల నా ఇష్టమని మెచ్చుకున్నారే. రమ్మనేసరికి ఊరి ఇష్టమైపోయిందేంటండి?"

పల్లంరాజు కండువా దులిపి లేచాడు. "నీ వల మీద మగోడెవడుంటాడో చూస్తాను."

తెల్లారేసరికి లోవరాజూ మిగతా మగకూలీలూ వేరే వలలకి పోయారు. గంగయ్య రెండుసార్లు పడవ దాకా వచ్చి వెనక్కి మళ్లాడు. ఆమె బతిమాలలేదు. చివరికి అతను తలగుడ్డ బిగించి, "చేప మైల చూస్తదో లేదో ఈయేళ తేలిపోద్ది," అంటూ పడవ తోశాడు.

వల వేసి తాళ్లు ఒడ్డుకు తెచ్చాక పెద్దింట్లమ్మ ఆడవాళ్లతో, "మగాళ్ల వాటాలో సగమిస్తాను," అంది.

మరిడమ్మ తాడు కింద పెట్టేసింది. "అయితే సగం వల లాగుతాం."

పెద్దింట్లమ్మకి ఒళ్లు మండిపోయింది. చంకనెక్కించుకుంటే నెత్తికెక్కిందనుకుంది. అవతల పడవ ఊగుతోంది, గంగయ్య ఎదురుచూస్తున్నాడు. మరిడమ్మ చేతులు కట్టుకుని అలాగే నిలబడింది.

"నిండు వాటాయే. పట్టండి!" అంది పెద్దింట్లమ్మ, పళ్లు బిగించి.

ఆ ఏడాది పల్లంరాజు ఇంట పెళ్లికి ఆమెకి పిలుపు రాలేదు. వలలో చేప మాత్రం పడుతూనే ఉంది, కొనేవాళ్లూ రావడం మానలేదు. ఎండాకాలంలో లోవరాజు వచ్చి పని అడిగాడు.

"మరిడమ్మ వెనక ఖాళీ ఉంది. నిలబడతావా?"

అతను వచ్చిన దారినే వెళ్లిపోయాడు. మర్నాడు వచ్చి, మరిడమ్మ వెనక బారెడు ఎడంగా తాడు పట్టుకున్నాడు.